తెల్లటి చార

గుడ్డులో నెత్తురు మూడో రోజు కనిపిస్తుంది. చీకటి గదిలో బల్బుకు అడ్డంగా పట్టుకుంటే ముందు ఒక ఎర్రటి చుక్క, తర్వాత దాని చుట్టూ సాలీడు కాళ్ళలా సన్నటి గీతలు. గీతలు లేకపోతే ఆ గుడ్డు పక్కకు పోతుంది. ఈ పని బాలశౌరికి అలవాటై ఏడాదిన్నర అయింది.

అతను చదివింది ఎనిమిదో తరగతి. ముప్పై ఏళ్ళు భిలాయి ఉక్కు కర్మాగారంలో, కోక్ ఓవెన్ల పైకప్పు మీద పనిచేశాడు. బొగ్గును కాల్చి కోక్ చేసే ఇటుక గూళ్ళు అవి. వాటి నెత్తిన నిలబడి మూతలు తీయడం, బొగ్గు పోశాక మూతలు వేయడం అతని పని. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన ఏడాదే ప్లాంటు విడిచాడు. అప్పటికి అతని కుడికాలికి రెండు వేళ్ళు లేవు.

ఇంట్లో కూర్చున్న మనిషిని ల్యాబ్‌కు పిలిపించింది శ్యామసుందర్ గారు. ఓవెన్ల దగ్గర ఇంజనీరుగా చేసి రిటైరైనాయన. ఆయన కూతురు ఇందుమతి హైదరాబాద్‌లో పరిశోధన ముగించుకుని వచ్చి, భిలాయిలోనే ఒక కాలేజీలో బయోటెక్నాలజీ చెబుతోంది. గుడ్లు పొదిగే పెట్టెలో వేడి నిలవడం లేదని, కరెంటు పోయినప్పుడల్లా ట్రేలకు ట్రేలు చచ్చిపోతున్నాయని ఆమె ఇంట్లో అంది. "వేడి సంగతైతే మా శౌరికి చెప్పు" అన్నాడట ఆయన.

బాలశౌరి వచ్చి పెట్టె తలుపు తీసి, లోపల చెయ్యి పెట్టి కాసేపు ఊరుకున్నాడు. మర్నాడు లూనా మీద రెండు పాత కొలిమి ఇటుకలు తెచ్చి పెట్టె అడుగున పేర్చాడు. ఇటుక ఒకసారి వేడెక్కితే ఓ పట్టాన చల్లారదు. ఆ తర్వాత కరెంటు రెండు గంటలు పోయినా గుడ్లు బతికాయి. ఇందుమతి అతన్ని అటెండరుగా పెట్టుకుంది.

మొదటి వారంలో ఆమె చిన్న గాజుసీసా ఒకటి చూపించింది. అడుగున తెల్లగా ఏదో పేరుకుని ఉంది. కుదిపితే పాలు కలిపిన నీళ్ళలా అయింది.

"ఇదేటి మేడమ్, పాలలాగుంది?"

"యూరోపియం అని ఒక లోహం, బాలశౌరి గారూ. దాని నుంచి సన్నటి పుల్లలు చేశారు. ఒక్కో పుల్ల పొడవు వెంట్రుక మందంలో ఐదు వందలవ వంతు."

"అంత పుల్ల ఏటి పొడుస్తాది మేడమ్?"

పక్కనే ఉన్న ఛాయ నవ్వింది. ఇందుమతి దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి. భిలాయి సెక్టర్ ఆరులో పుట్టి పెరిగింది. తెలుగు ఇంట్లో వినడమే తప్ప చదవడం రాదు.

"పొడవదు" అంది ఇందుమతి. "నెత్తురు పారే నాళాల గోడల్లో కణాలుంటాయి. ఈ పుల్లలు వాటి లోపలికి వెళ్ళి చిన్న సెగ పెడతాయి. నిజం సెగ కాదు, పెరాక్సైడ్ లాంటిది కాస్త పుడుతుంది. కొంచెమైతే కణం లేచి పెరుగుతుంది, పక్కకు కొత్త నాళం వేస్తుంది. ఎక్కువైతే చచ్చిపోతుంది."

"ఓవెన్‌కి గాలి వదిలే డ్యాంపర్ సంగతే" అన్నాడు బాలశౌరి. "ఎక్కువ తెరిస్తే ఇటుక కరిగిపోతాది. తక్కువైతే బొగ్గు పచ్చిగా ఉండిపోతాది."

"అచ్చం అదే."

"దీంతో లాభమేటి మేడమ్?"

"నెత్తురు అందక మానని పుళ్ళుంటాయి కదా. గుండెకు నెత్తురు అందని వాళ్ళుంటారు. అక్కడ కొత్త నాళాలు మొలిపించగలిగితే..." ఆమె మాట ఆపేసింది. "ఎప్పటికో. ఇప్పటికి గుడ్లే."

పని ఇలా ఉండేది. దుర్గ్ దారిలోని హేచరీ నుంచి బాలశౌరి గుడ్లు తెస్తాడు. బజారు గుడ్లు పనికిరావు, పుంజుతో కలిసిన కోడి పెట్టినవే కావాలి. మూడో రోజు నెత్తురు కనిపించిన వాటి పెంకు మీద పావలా అంత కిటికీ కోస్తాడు. ఛాయ ఒక చుక్క వేస్తుంది. సగం గుడ్లకు పుల్లల మందు, సగానికి ఉత్త ఉప్పునీళ్ళు. దేనికి ఏది అన్నది చీటీలు తీసి, జాబితా రాసి, కవరులో పెట్టి అంటిస్తుంది. కవరు ఇందుమతి బీరువాలో ఉంటుంది. ఐదో రోజు కిటికీ తెరిచి, ఫోటో తీసి, భూతద్దం కింద నాళాల కొమ్మలు లెక్కపెట్టాలి.

విద్యార్థులు పది గుడ్లకే తల పట్టుకునేవారు. బాలశౌరి నలభై గుడ్లు కూర్చున్న చోటినుంచి లేవకుండా లెక్కపెట్టేవాడు. గుడ్డు మీద పెన్సిల్ అంకె, దాని ఎదురుగా పుస్తకంలో కొమ్మల లెక్క. నెమ్మదిగా ఆ పని అతనిదే అయిపోయింది.

"లెక్కపెట్టే వాళ్ళకు ఏది మందో తెలియకూడదు" అని ఇందుమతి ముందే చెప్పింది. "తెలిస్తే కన్ను తనకు కావలసింది చూస్తుంది."

"నా కన్నుకి ఏటి కావాలి మేడమ్?" అన్నాడు బాలశౌరి.

అప్పటికి అతని కాలికి పుండేమీ లేదు.

ఆ ఏడు వానలు మొదలైన వారంలో కుడికాలి బొటనవేలి కింద పుండు పడింది. ఎలా పడిందో తెలియదు. నొప్పి లేదు. సాక్సు తడిగా ఉందని భార్య లూసీ చూసి చెబితే తెలిసింది. షుగర్ ఇరవై ఏళ్ళుగా ఉంది. ఆసుపత్రిలో సర్జన్, కాలు నొక్కి, చల్లటి జెల్ రాసి మిషను పెట్టి విని, పాదానికి నెత్తురు అందడం లేదని చెప్పింది. మోకాలి కింద తీసేస్తే మనిషి దక్కుతాడంది. తేదీ ఇచ్చింది.

బాలశౌరి ఆ తేదీ మార్పించాడు. తర్వాత ఇంకోటి. తర్వాత ఇంకోటి.

రుఆబాంధా కాలనీ క్వార్టరులో రోజూ సాయంత్రం లూసీ ప్లాస్టిక్ బేసిన్‌లో గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి కట్టు విప్పేది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆమె అతని కాళ్ళు కడిగినన్ని సార్లు తన మొహం కడుక్కుని ఉండదు. ఓవెన్ల నుంచి వచ్చిన రోజుల్లో కూడా అదే బేసిన్.

"మళ్ళీ డేటు మార్పించీసారంట? డాక్టరమ్మ నన్ను అడిగింది. నేనేటి చెప్పను?"

"ఈ నెల గుడ్లు అయిపోనీ."

"గుడ్లు! నేనూ ఓ గుడ్డు పెడితే నా మాట వినేవోరేమో."

అతను నవ్వలేదు. లూసీ కూడా నవ్వించడానికి అనలేదు. పుండు అంచు నల్లబడింది. ఆమె చూసింది, అతను చూశాడు. ఆమె కొత్త గాజుగుడ్డ చుట్టి, ముడి వేసి, బేసిన్ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆమెకు చెప్పని సంగతి ఒకటుంది. పుండు పడిన రెండో వారంలోనే బాలశౌరి ఒకటి గమనించాడు. మందు చుక్క వేసేటప్పుడు కొంచెం కిటికీ అంచుకు తగిలేది. ఆరాక పెంకు మీద తెల్లటి చార మిగిలేది, గోటి కొసంత. ఉప్పునీళ్ళ గుడ్లకు అది ఉండదు. ఛాయకు కనిపించలేదు. ఇందుమతికి కనిపించలేదు. ముప్పై ఏళ్ళు ఇటుకల మధ్య సందుల్లోంచి పొగ ఎక్కడ కారుతోందో వెతికినవాడికి కనిపించింది.

చెప్పాలనుకున్నాడు. సాయంత్రం చెబుదామనుకున్నాడు, రేపు చెబుదామనుకున్నాడు.

అతను దొంగ లెక్క రాయలేదు. లేని కొమ్మను ఉన్నట్టు ఎప్పుడూ రాయలేదు. కానీ భూతద్దం కింద ప్రతి గుడ్డులోనూ నాలుగైదు అనుమానపు గీతలుంటాయి. నాళమో, పొర ముడతో తేల్చలేనంత సన్నవి. తెల్లటి చార ఉన్న గుడ్డులో వాటిని చూసి, ఉంది, మొలుస్తోంది అనుకునేవాడు. చార లేని గుడ్డులో అలాంటివే చూసి ముడత అని వదిలేసేవాడు. ఆ సమయంలో అతని కుడికాలు బల్ల కింద నేల మీద ఉండేది. దాని బరువు తప్ప అతనికి ఏమీ తెలిసేది కాదు.

అలా మూడు నెలలు. గుడ్లు బాగుంటే మందు వస్తుంది. మందు వస్తే, తన కాలికి వెయ్యమంటే మేడమ్ కాదనదు. తేదీలు మార్పించింది ఈ లెక్క మీదే.

అక్టోబరు మొదట్లో ఒక మధ్యాహ్నం ఇందుమతి కవర్లన్నీ తెరిచింది. జాబితాలు ఒక పక్క, బాలశౌరి పుస్తకం ఒక పక్క పెట్టుకుని కంప్యూటర్‌లో వేసింది. ఛాయ ఆమె భుజం మీదుగా చూస్తూ నిలబడింది. మందు వేసిన గుడ్లలో కొమ్మలు నూటికి నలభై ఒకటి ఎక్కువ.

ఛాయ ఎగిరి గంతేసింది. "అంకుల్! ఫార్టీ వన్! ఆప్ నే కమాల్ కర్ దియా, అద్భుతం చేశారు!" పరిగెత్తి కాంటీన్ నుంచి జిలేబీ తెచ్చింది. అతనికి షుగరని గుర్తొచ్చి నాలిక కరుచుకుంది.

ఇందుమతి మాత్రం కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. చాలా రోజుల తర్వాత కూర్చున్న మనిషిలా ఉంది. "హైదరాబాద్‌లో మా వాళ్ళు ఎలకలతో మొదలుపెడతారు" అంది. "కాలికి నెత్తురు ఆపేసిన ఎలకలు. మన లెక్క చూసే డోసు పెట్టుకుంటారు, బాలశౌరి గారూ. మీ లెక్కే."

"మనుషులకి ఎప్పుడు మేడమ్?"

"పదేళ్ళు. పదిహేను. అసలు రాకనూ పోవచ్చు."

అతను తల ఊపి, గుడ్ల ట్రేలు కడగడానికి వెళ్ళాడు. పదేళ్ళన్న మాట చెవిన పడింది గానీ లోపలికి దిగలేదు. నలభై ఒకటే దిగింది. రేపు పొద్దున అడుగుతాను, ఒక్క చుక్క, అనుకున్నాడు.

ఆ సాయంత్రం నూకరాజు వచ్చాడు. ఓవెన్ల మీద అతనితో ఇరవై ఏళ్ళు మూతలు ఎత్తినవాడు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, చెప్పులు విడిచి, కాళ్ళు గోడకు తన్నిపెట్టి కూర్చున్నాడు. అతని రెండు పాదాల అడుగున చర్మం నున్నగా, గులాబీ రంగులో మెరుస్తుంది.

"ఏటి బావా, కోడిపిల్లల డాక్టరయిపోనావంట?"

"నీకెవుడు చెప్పినాడు?"

"మా సెల్లి చెప్పింది. కాలు కోయించుకోడానికి తీరిక లేదంట కదా నీకు." లూసీ తెచ్చిన టీ అందుకుని ఊదుకున్నాడు. "చూడు సెల్లీ, ఈయన కాలుకున్న పేరు ఇంకెవుడి కాలికీ లేదు. ఓవెన్ల మీద థర్మామీటర్ అనీవోరం."

"ఇప్పుడెందుకురా అవి" అన్నాడు బాలశౌరి.

"ఎందుకంటావేటి? నా అరికాళ్ళు నీ పుణ్యమే కదా." నూకరాజు నవ్వాడు. కోపం అతనిలో ఎప్పుడో అరిగిపోయింది.

ఓవెన్ల నెత్తి మీద బూట్ల కింద చెక్క అట్టలు కట్టుకుని నడుస్తారు. ఉత్త బూటైతే నిమిషాల్లో మాడిపోతుంది. ఏ గూడు ఎంత వేడి మీద ఉందో బాలశౌరి చెక్కలోంచి పాదానికి తెలిసే సెగను బట్టి చెప్పేవాడు. మిషను అంకె చూసే ముందు ఫోర్‌మన్ అతన్ని అడిగేవాడు. చివరి ఏడాది స్టోరు నుంచి కొత్త రకం చెక్కలు వచ్చాయి. పలచన, తేలిక. బాలశౌరి అవి కట్టుకుని సగం షిఫ్టు నడిచాడు. కాలలేదు. "ఇంత మంచి చెక్క నా సర్వీసులో చూడలేదు" అని అందరికీ చెప్పాడు. అతని కాలు చెప్పిందంటే ఇంక అడిగేదేముంది? ఆ పూటే నూకరాజు కూడా అలాంటివే కట్టుకుని ఎక్కాడు. గంట తిరక్కముందే కేకలు పెడుతూ దిగాడు. అతన్ని స్ట్రెచర్ మీద పంపించాక ఎవరో బాలశౌరి బూట్లు విప్పించారు. సాక్సుతోపాటు చర్మం వచ్చింది. అప్పటిదాకా అతనికి ఏమీ తెలియలేదు. చెక్క మంచిది కాదు. షుగర్ పాదాల్లో స్పర్శను తినేసింది.

"థర్మామీటర్ పగిలిపోనాదని థర్మామీటరెలా సెప్తాది బావా" అన్నాడు నూకరాజు. "నేనే కేకలేసి సెప్పాల్సొచ్చింది." టీ చివరి గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. "డాక్టరమ్మ కేకలేస్తంది. ఇనీ మరి."

అతను వెళ్ళాక లూసీ బేసిన్ తెచ్చింది. ఆ రోజు పుండు వాసన వేసింది.

పొద్దున బాలశౌరి ల్యాబ్‌కు వెళ్ళేసరికి ఇందుమతి ఒక్కతే ఉంది. హైదరాబాద్ వాళ్ళకు ఉత్తరం టైపు చేస్తోంది. ఛాయ వెనకాలే వచ్చింది. అతను లూనా తాళం బల్ల మీద పెట్టి నిలబడ్డాడు.

"మేడమ్, ఆ లెక్క పంపకండి. నా లెక్క మంచిది కాదు."

ఆమె తలెత్తింది.

అతను ట్రేలోంచి రెండు పాత పెంకులు తీసి పక్కపక్కన పెట్టి, చార చూపించాడు. అనుమానపు గీతల సంగతి చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె పెంకుల వైపే చూసింది.

"ఎప్పటినుంచి తెలుసు?"

"వానాకాలం నుంచి."

"మూడు నెలలు, బాలశౌరి గారూ." ఆమె గొంతు పెరగలేదు. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. "మూడు నెలలు."

"అంకుల్, క్యోం?" అంది ఛాయ. "ఎందుకు చెప్పలేదు మీరు? ఒకసారి చెప్తే అయిపోతుండె కదా!"

అతను స్టూలు మీద కూర్చుని కుడికాలి చెప్పు విప్పాడు. కట్టు వదులు చేశాడు. ఛాయ మొహం పక్కకు తిప్పుకుంది. ఇందుమతి తిప్పుకోలేదు.

"నా కన్నుకి ఏటి కావాలని అడిగాను కదా మేడమ్" అన్నాడు.

ఇందుమతి కుర్చీలోంచి లేచి వచ్చి, వంగి పుండును చూసింది.

"ఇది పెట్టుకుని మీరు రోజూ దుర్గ్ దాకా వెళ్తున్నారా?"

"నొప్పి ఉండదు మేడమ్." ఆగి, అడగవలసింది అడిగాడు. "ఆ సీసాలోది ఒక్క చుక్క ఏస్తే?"

ఆమె వెంటనే కాదనలేదు. అందుకే అతనికి అది కాదని ముందే తెలిసిపోయింది.

"గుడ్డులో ఏ నాళమూ మూసుకుపోలేదు. కొమ్మ వేస్తే అందులోకి నెత్తురు పారుతుంది. మీ కాల్లో పైనుంచి వచ్చే పెద్ద గొట్టమే పూడుకుపోయింది. కింద ఎన్ని కొమ్మలు మొలిచినా వాటిలోకి ఏమొస్తుంది? పైగా అవి ఒంట్లో ఇంకెక్కడికి పోతాయో, మూత్రపిండాలనేం చేస్తాయో ఎవరికీ తెలియదు. నేను వెయ్యలేను. వేసి మిమ్మల్ని ఇంకో నెల ఆపలేను."

"మెయిన్ వాల్వే మూసీసుంటే" అన్నాడు అతను, తనలో తాను.

"తేదీ ఎప్పుడు?"

"మార్పించీసాను."

"ఇవాళే మళ్ళీ తీసుకోండి."

అతను ఆ మధ్యాహ్నమే వెళ్ళి తీసుకున్నాడు. సోమవారం ఇచ్చారు. ఇంటికి వచ్చి చెబితే లూసీ బియ్యం ఏరుతూ చేట ఆపింది. ఏడుస్తుందనుకున్నాడు. "సోమారమైతే రెండు లుంగీలు ఉతికీయాలి" అని మళ్ళీ ఏరుకుంది.

ఆ వారమంతా ఇందుమతి, ఛాయ పాత ఫోటోలు ముందేసుకుని కూర్చున్నారు. ఛాయ ప్రతి ఫోటో అంచు కత్తిరించేసింది, చార కనపడకుండా. అంకెలు మార్చి రాసింది. ఇందుమతి ఒకసారి, హైదరాబాద్‌లో ఆమె స్నేహితురాలు ఒకసారి వేర్వేరుగా లెక్కపెట్టారు. ఉత్తరం వెళ్ళలేదు. శుక్రవారం సాయంత్రానికి అంకె తేలింది.

"పదిహేడు" అంది ఇందుమతి.

"నలభై ఒకటి పదిహేడైపోయిందా మేడమ్?"

"అవును. కానీ ఉంది. పదిహేడు ఉంది, అది నిజం." ఆమె కళ్ళకింద నల్లటి నీడలు పడ్డాయి. "మళ్ళీ ఒక విడత చెయ్యాలి, మొదటినుంచి. మీరు లేకుండా."

మిగతా ఇరవై నాలుగూ తనవే. బాలశౌరి బల్ల మీద చేతులు పెట్టుకుని వాటి వైపు చూసుకున్నాడు.

సోమవారం పొద్దున ఆసుపత్రికి వెళ్ళే దారిలో ఆటోను కాలేజీ దగ్గర ఆపించాడు. "పది నిమిషాలు" అన్నాడు. అతని పది నిమిషాలు ఎంతో లూసీకి తెలుసు.

కొత్త విడత గుడ్లకు మూడో రోజది. ఛాయ చుక్కలు వేసి, కవరు అంటించి, చేతులు కడుక్కుంటోంది. నలభై గుడ్లు ట్రేలో ఉన్నాయి. ఇరవైకి అంచున తెల్లటి చార అప్పుడే ఆరుతోంది. బాలశౌరి జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. లూసీ కిళ్ళీలోకి వాడే సున్నం. నీళ్ళు కలిపి పలచగా చేసి తెచ్చాడు. ఒక అగ్గిపుల్ల కొసను అందులో ముంచి, మొదటి గుడ్డు కిటికీ అంచున, లోపలికి జారకుండా, గోటి కొసంత గీశాడు.

"అన్నిటికీనా అంకుల్?"

"అన్నిటికీ. మందున్న దానికీ, లేని దానికీ. ఇకమీద ప్రతిసారీ ఇలాగే చెయ్యి. కరెంటు పోతే పెట్టె తలుపు తియ్యకు, ఇటుకలు చూసుకుంటాయి."

ఛాయ పక్కన నిలబడి చూసింది. ఇరవై గుడ్లయ్యాక అగ్గిపుల్ల తను తీసుకుంది. అతను ఇవ్వాలనుకోలేదు గానీ నిలబడడానికి కాలు ఒప్పుకోవడం లేదు. స్టూలు మీద కూర్చుని, పుల్ల లోపలికి జారబోయినప్పుడల్లా "నెమ్మదిగా, నెమ్మదిగా" అన్నాడు.

నలభై అయ్యాయి. కాసేపటికి చారలన్నీ ఆరి ఒక్కలాగే అయ్యాయి. ఛాయ ట్రేలో గుడ్లను అటూ ఇటూ మార్చి పెట్టింది. బాలశౌరి భూతద్దం తీసుకుని వంగి, ఒక చివరినుంచి ఇంకో చివరి దాకా చూశాడు. మళ్ళీ చూశాడు.

ఏది ఏదో అతనికి తెలియలేదు.

భూతద్దాన్ని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టాడు. బయట ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. లూసీ సంచి ఒళ్ళో పెట్టుకుని, ఉతికిన లుంగీలు నలగకుండా పైన చెయ్యి వేసి కూర్చుంది. అతను వస్తుంటే కొంచెం పక్కకు జరిగింది.